పూతంతా రాలిపోతా ఉంది అక్కా, మిద్దెతోట ఎత్తేయమంటారా?

ప్రశ్న: అక్కా నమస్తే. మాది తిరుపతి, కొండకి దగ్గర్లోనే ఇల్లు. కార్తీకంలో మిద్దెమీద గ్రో బ్యాగులు పెట్టి టమేటా, వంగ, మిరప, పాలకూర, కొత్తిమీర వేసినా. సంక్రాంతి దాకా ఎంత బాగా వచ్చినాయంటే పక్కింటోళ్ళకి కూడా ఇచ్చినా. శివరాత్రి పోయిందో లేదో అంతా మారిపోయింది. టమేటా పూత పూసినట్టే పూసి రాలిపోతా ఉంది. మిరప ఆకు ముడుచుకుంది. బీరతీగ పందిరంతా అల్లుకుంది గానీ ఉత్త పూలే, ఒక్క పిందె నిలవలేదు. కుండీలో నిమ్మ పూతంతా రాల్చేసింది. పెరట్లో బేనీషా మామిడి కింద పొద్దున్నే చూస్తే చింతగింజంత పిందెలు పరిచినట్టు పడుంటాయి. అంగట్లో అడిగితే ఏదో మందు ఇచ్చినారు, రెండుసార్లు కొట్టినా, ఇంకా ఎక్కువ రాలింది. దీనికి తోడు కోతులు. మా ఆయనేమో బయట సంచి నిండా వచ్చే కూరగాయలకి ఇంత ఖర్చు, ఇంత చాకిరీ ఎందుకు అంటాడు. మేలో పిల్లల సెలవులకి పలమనేరు మా అమ్మగారింటికి కూడా పోవాల. ఎండలు పోయేదాకా అన్నీ ఎత్తేసేదా, ఉగాదికి ఏమన్నా కొత్తగా వేసుకోవచ్చా?
(ఒక చెల్లెలు, తిరుపతి)

సమాధానం: చెల్లీ, ముందు ఆ మందు సీసా తీసి పిల్లలకి అందని చోట పెట్టేయి, మళ్ళీ ముట్టుకోవద్దు. నువ్వు రాసిన కష్టాల్లో మిరప ముడత ఒక్కటి పక్కన పెడితే మిగతావి తెగుళ్ళ మాదిరి లేవు, ఎండ, నీళ్ళు, కాలం మారడం, అంతే. మన తిరుపతిలో వసంతం క్యాలెండర్లో ఉన్నంత పొడుగ్గా ఉండదు గదా, శివరాత్రికి చలి శివశివా అంటా పోయిందంటే ఉగాది పచ్చడి తినేలోపలే మధ్యాహ్నం ఎండ 36, 37 చూపిస్తుంది, అక్కడి నుంచి 40 దాటేదానికి ఎంతో టైం పట్టదు. చలికాలం పంట అయిపోయి ఎండాకాలం పంట ఇంకా అందుకోని ఈ కొన్ని వారాల్లో మొక్కలు తమంతట తామే బరువు దించుకుంటాయి. ఏది బరువు దించుకుంటా ఉంది, ఏది నిజంగా జబ్బు పడింది అనే తేడా కనిపెట్టడం వస్తే తోట ఎత్తేయాల్సిన పనే లేదమ్మా.

టమేటా దగ్గర మొదలుపెడదాం. పగలు 35 దాటి, రాత్రి కూడా 22, 24 కిందికి దిగకపోతే టమేటా పుప్పొడి పనిచెయ్యదు, పూవు విచ్చుకుంటుంది గానీ కాయ కట్టదు. రేపు పొద్దున రాలిన పూవు ఒకటి చేతిలోకి తీసుకుని కాడ చూడు, పూవుకి కొంచెం వెనకాల చిన్న కణుపు మాదిరి ఒక ఉబ్బు ఉంటుంది, సరిగ్గా అక్కడ పసుపు తిరిగి తెగి ఉంటే, మొగ్గలో ఎక్కడా రంధ్రం లేకపోతే, అది ఎండ దెబ్బే. దానికి ఏ మందు కొట్టినా నిలవదు. పైగా మధ్యాహ్నం ఎండలో కొడితే ఉన్న పూత కూడా మాడుతుంది, నీకు జరిగింది అదే అయ్యుంటుంది. మిద్దెమీద ఇంకా కష్టం, పగలంతా కాగిన కాంక్రీటు రాత్రి పదైనా వేడి వదుల్తానే ఉంటుంది.

మరి ఎండాకాలంలో మార్కెట్‌కి లారీలు లారీలు టమేటా ఎట్లా వస్తుంది అంటావేమో. మనకి వచ్చేది ఎక్కువగా మదనపల్లె వైపు నుంచి గదా, ఆ ఊరు సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తులో ఉంది, మన తిరుపతి 160 దగ్గర. ఆ ఎత్తు వల్ల అక్కడ రాత్రిళ్ళు చల్లబడతాయి, పూత నిలుస్తుంది. నీ చేతిలో లోపం ఏమీ లేదు, ఊరు వేరు అంతే.

అయినా ఉన్న చెట్లని పీకేయకు. పొద్దున ఎండ తగిలి పదకొండు తర్వాత నీడ పడే చోటు మీ మిద్దెమీద ఎక్కడుందో చూసి, వాటర్ ట్యాంకుకి తూర్పు పక్కనో మెట్ల గది గోడ చాటునో బ్యాగులు అక్కడికి జరుపు. పొద్దున ఎనిమిది, తొమ్మిది మధ్య పూత గుత్తిని వేలితో మెల్లగా తట్టు, టమేటా పూవులో ఆడా మగా రెండూ ఉంటాయి కాబట్టి ఆ కదలికకే పుప్పొడి రాలి అంటుకుంటుంది. అట్లా కొన్నైనా నిలుస్తాయి, మార్చి ఆఖరు దాకా లాక్కురావచ్చు. ఏప్రిల్‌లో మాత్రం కాయల మీద ఆశ పెట్టుకోవద్దు. ఒకవేళ లేత ఆకులు చిన్నవైపోయి, అంచులు పచ్చబడి దోసిలి మాదిరి ముడుచుకుని, చెట్టు పొట్టిగా ఆగిపోయి ఉంటే అది తెల్లదోమ మోసుకొచ్చే వైరస్, దానికి వైద్యం లేదు, ఆ చెట్టు ఒక్కటి పీకి కవర్లో కట్టి పారేయి, మిగతా వాటి మధ్యలో పసుపు జిగురు అట్టలు వేలాడదీయి. కాయ అడుగున నల్లగా తోలు మాదిరి అణిగిపోయినా భయపడొద్దు, ఒకరోజు ఎండగట్టి ఒకరోజు ముంచేసే నీళ్ళ వల్ల కాయకి కాల్షియం అందక వస్తుంది అది. అందరూ కోడిగుడ్డు పెంకులు వేయమంటారు, అవి మట్టిలో కరిగేదానికి నెలలు పడుతుంది, ఈ కాయలకి అందవు. నీళ్ళు రోజూ ఒకే తీరున పోయి, తర్వాత వచ్చే కాయలు బాగుంటాయి.

నీళ్ళ గురించి కొంచెం వివరంగా చెప్పాల, ఈ నెలల్లో తోట నిలిచేదీ పోయేదీ దీంతోనే. మధ్యాహ్నం రెండు గంటలకి మిద్దెక్కి చూస్తే ఆకులన్నీ తలలు వాల్చేసి ఉంటాయి, అయ్యో దాహం అని బకెట్ తెచ్చి పోసేస్తాం. వద్దు. సాయంత్రం ఆరుకి మళ్ళీ చూడు, వాటంతట అవే లేచి నిలబడి ఉంటే అది ఎండకి తలొంచడమే, దాహం కాదు. పొద్దున్నే, ఎండ రాకముందే వాలిపోయి ఉందంటే అప్పుడు అనుమానించాల, వేలు రెండు కణుపుల లోతుకి గుచ్చి చూడు, పొడిగా ఉంటే నీళ్ళు చాలలేదు, తడిగా బురదగా ఉండి కూడా వాలిందంటే వేరు కుళ్ళుతా ఉంది, బ్యాగు అడుగున రంధ్రాలు మూసుకుపోయినాయేమో పొడిచి చూడు. పొద్దున ఏడులోపల అడుగు నుంచి కారేదాకా ఒకసారి పోస్తే మార్చికి సరిపోతుంది, ఏప్రిల్ మధ్య నుంచి చిన్న బ్యాగులకి సాయంత్రం కూడా కావాల.

మీ ఇంట్లో బోరు నీళ్ళా, మున్సిపాలిటీ నీళ్ళా రాయలేదు. బోరు నీళ్ళైతే మట్టి పైన తెల్లగా ఉప్పు పొర కడతా ఉందా చూడు, ఆకుల అంచులు గోధుమరంగుగా మాడతా ఉన్నాయంటే కూడా అదే కారణం కావచ్చు. పై అంగుళం మట్టి గీకేసి, నెలకి ఒకసారి మంచినీళ్ళు ధారగా పోసి అడుగు నుంచి బాగా కారనిస్తే ఆ ఉప్పంతా కడుక్కుపోతుంది. ఒకటి గట్టిగా చెప్తున్నా, ఆర్వో ఫిల్టర్ వదిలే వేస్ట్ నీళ్ళు మొక్కలకి పోయొద్దు, చాలామంది నీళ్ళు వృథా కాకూడదని మంచి మనసుతోనే పోస్తారు, కానీ ఫిల్టర్ తీసేసిన ఉప్పంతా ఆ నీళ్ళలోనే ఉంటుంది. ఏసీ పైపు నుంచి కారే నీళ్ళు పట్టుకుంటే అవి భేషుగ్గా పనికొస్తాయి, వాటిల్లో ఉప్పు దాదాపు ఉండదు, ఎండాకాలంలో రాత్రికి ఒక బకెట్ పట్టుకున్నా నిమ్మకీ కరివేపాకుకీ అక్కరకొస్తుంది.

మట్టి కప్పి ఉంచడం ఇంకో ముఖ్యమైన పని. ఎండుటాకులు, కొబ్బరి పీచు, చెరకు పిప్పి ఏదైనా సరే. మన జిల్లాలో చెనిక్కాయ పొట్టుకి కరువా, మిల్లు దగ్గర అడిగితే గోనెసంచి నిండా ఇస్తారు, రెండంగుళాల మందాన పరిచేసినావంటే మట్టి రెండు పూటలా చల్లగా ఉంటుంది, వానలొచ్చేసరికి అదే కుళ్ళి ఎరువవుతుంది. నల్ల బ్యాగుల పక్కలకి నేరుగా పడమటి ఎండ తగిలితే లోపల వేళ్ళు ఉడికిపోతాయి, అందుకని బ్యాగులు ఒకదానికొకటి ఆనించి గుంపుగా పెట్టి, పడమటి వైపు తడి గోనెపట్టా కట్టు. కింద ఇటుకలు పెట్టడం మర్చిపోవద్దు, 15 అంగుళాల బ్యాగు తడిస్తే 40, 50 కేజీల దాకా తూగుతుంది, కాబట్టి గుంపు పెట్టేది కూడా స్లాబ్ నడిమధ్యలో కాకుండా కింద గోడలు, దూలాలు వచ్చే వైపు పెట్టుకో.

ఇంక బీర. నీ పందిరి బాగుంది చెల్లీ, దాన్ని చూసి దిగులుపడకు. బీర, సొర, కాకర, దోస, గుమ్మడి, ఈ తీగజాతులన్నింటికీ ముందు మగపూలే వస్తాయి, ఆడపూలు తర్వాత మొదలవుతాయి, ఎండ ఎక్కువైనా, పేడ ఎరువూ యూరియా ఎక్కువైనా మగపూలే ఇంకా పెరుగుతాయి. గుత్తిగా సన్నకాడల మీద వచ్చేవి మగవి. ఆడపూవు ఒంటరిగా వస్తుంది, దాని వెనకాల చిటికెన వేలంత బుజ్జి బీరకాయ అప్పటికే ఉంటుంది, అది పసుపు తిరిగి రాలిపోతే పుప్పొడి అందలేదని అర్థం. చేత్తో నువ్వే అందించొచ్చు. అయితే టైం చూసుకో, బీర పూవు సాయంత్రం ఐదున్నర, ఆరు మధ్య విచ్చుకుంటుంది, సొర తెల్లపూవు కూడా పొద్దుగూకే వేళకే, కాకర, దోస, గుమ్మడి మాత్రం పొద్దున్నే. పొద్దున పోయి బీర పూలు వెతికితే అన్నీ వాడిపోయి ఉంటాయి, చాలామంది అక్కడే దెబ్బతింటారు. సాయంత్రం అప్పుడే విచ్చిన మగపూవు తెంపి, రేకులు తీసేసి, మధ్యలో పొడి ఉన్న భాగాన్ని ఆడపూవు నడుమ మెల్లగా అద్దు. మూడు నాలుగు రోజుల్లో ఆ పిందె ఆకుపచ్చగా కిందికి సాగడం మొదలుపెట్టిందంటే నిలిచినట్టే. సొర వేసుకుంటే తీగ పందిరికి చేరగానే తల తుంచు, పక్క కొమ్మలు వస్తాయి, ఆడపూలు ఆ పక్క కొమ్మల మీదే ఎక్కువ.

పిందె నిలిచాక ఇంకో తలనొప్పి పండు ఈగ. కాయ మీద సూది గుచ్చినట్టు చుక్క, అక్కడ బంక, తర్వాత ఆ వైపు వంకర తిరిగి లోపల తెల్లపురుగులు. పిందె వేలెడు పొడుగు కాగానే పాత న్యూస్ పేపర్‌తో పొట్లం చుట్టేస్తే సరిపోతుంది. తగిలిన కాయని కంపోస్టులో వేయొద్దు, కవర్లో మూతి బిగించి కట్టి ఎండలో పడేయి. ట్రాప్ కొనేటట్టైతే అడిగి తీసుకో, తీగ కూరగాయలకి క్యూలూర్ ఎర, మామిడి, జామకి మిథైల్ యూజినాల్ ఎర, ఒకటి తెచ్చి ఇంకోదానికి పెడితే ఈగ పడదు.

మిరప ముడత ఒక్కటే నిజంగా పట్టించుకోవాల్సింది. ఆకు అంచులు పైకి ముడుచుకుని దోనె మాదిరి ఉంటే తామర పురుగు, కిందికి ముడుచుకుని తిరగేసిన పడవ మాదిరి ఉండి కాడ సాగిపోయి ఉంటే నల్లి. పై ముడతకి నీలం జిగురు అట్టలు, కింది ముడతకి పొద్దున్నే ఆకుల అడుగు భాగం తడిసేటట్టు పైపుతో నీళ్ళ జల్లు. రెండింటికీ చివర్లు గిల్లి పారేసి, లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు మూడు చుక్కల సబ్బునీళ్ళు కలిపి వారానికొకసారి కొట్టు, అదీ సాయంత్రం ఐదు దాటాకే, ముందు రెండు ఆకుల మీద కొట్టి మర్నాడు చూసుకుని. వంగ, బెండ మీద తెల్లగా దూది అంటినట్టు పిండినల్లి కనపడితే కూడా ఇదే. వంగ చివర కొమ్మ వాడి వేలాడితే లోపల పురుగుంది, రెండంగుళాలు కిందికి తుంచి నలిపేయడమే.

నిమ్మకి నీళ్ళ హెచ్చుతగ్గులే శత్రువు. బాగా ఎండనిచ్చి ఒక్కసారిగా బకెట్ పోస్తే పూత దులిపేస్తుంది. అది కుండీ చెట్టు, ఎన్నేళ్ళదో రాయలేదు, రెండేళ్ళ లోపుదైతే పూత పోయినా పోనీ, చెట్టు పెరగనీ. లేత ఆకుల మీద పక్షి రెట్ట మాదిరి ఏదన్నా అంటుకుని కనపడితే పుల్లతో తాకి చూడు, మెల్లగా తల ఎత్తి రెండు ఎర్రకొమ్ములు బయటపెట్టి ఘాటు వాసన వదుల్తుంది, అది సీతాకోకచిలుక గొంగళి. నాలుగుంటే చిన్న నిమ్మచెట్టుని బోడి చేసేస్తాయి, చేత్తో ఏరేయడమే.

మామిడి పిందె రాలడం చూసి నువ్వు బాధపడినట్టు మీ ఊళ్ళో ప్రతి ఇంట్లో బాధపడతారు. ఒక్కో పూతగెలలో వందల పూలుంటాయి, అందులో సగం పైగా మగవే, చివరికి గెలకి ఒకటో రెండో నిలిస్తే అదే మంచి కాపు. రాలిన పిందె ఒకటి నిలువునా కోసి చూడు, లోపల శుభ్రంగా ఉంటే చెట్టు తనకి మోయగలిగినన్ని పెట్టుకుని మిగతావి వదిలేస్తా ఉందని. ఆకులు జిగటగా, నల్లటి మసి పట్టి ఉంటే అది తేనెమంచు పురుగు, గుబురు లేకుండా గాలీ వెలుతురూ ఆడితే తగ్గుతుంది, కాయ కోసినాక జులైలో మధ్య కొమ్మలు కొన్ని తీసేయండి. పూత మీద మందు కొట్టడం మాత్రం వద్దు, తేనెటీగలు పోతాయి, అవి పోతే నీ కాకర, దోస కూడా కాయవు. పిందె గోలీ సైజుకి వచ్చినాక పది, పన్నెండు రోజులకొకసారి నీళ్ళు పెట్టు, మొదలు దగ్గర కాదు, కొమ్మల నీడ అంచు ఎక్కడ పడుతుందో అక్కడ పాది చేసి. గాలివానకి పడిన కాయలు పప్పులోకి, పచ్చడిలోకి, మందు కొట్టకుండా ఉంటే నిశ్చింతగా వాడుకోవచ్చు.

ఉగాదికి ఏం వేయాలంటే నా లెక్కలో మొదటిది ఆకుకూరలు. పాలకూర, కొత్తిమీర ఇంక వద్దు, ఎండకి పూతకి లేచిపోతాయి, లేచిన కొత్తిమీరని అట్లాగే వదిలేయి, ఆ పూలకి తేనెటీగలు వస్తాయి, ధనియాలు విత్తనానికి దాచుకోవచ్చు. తోటకూర, గోంగూర, తీగ బచ్చలి, పొన్నగంటి మన ఎండకి తట్టుకుంటాయి. బచ్చలి అయితే కొమ్మ గుచ్చినా వస్తుంది. తర్వాత బెండ, గోరుచిక్కుడు, అలసంద, కాకర. బెండ గింజలు రాత్రి నానేసి పొద్దున వేయి, ఆకు ఈనెలు పసుపు తిరిగితే పల్లాకు తెగులు, ఆ చెట్టు తీసేయడమే. బీర పందిరి కింద పడే నీడలో తోటకూర చల్లుకుంటే షేడ్ నెట్ అవసరం కూడా తగ్గుతుంది. మందుల మీద పెట్టే డబ్బు షేడ్ నెట్ మీద పెట్టు, 50 శాతం నీడనిచ్చే రకం తీసుకో, ఆరేడు అడుగుల ఎత్తున పైకప్పు మాత్రమే కట్టి పక్కలు గాలికి వదిలేయాల, మిరప, వంగ, ఆకుకూరలు దాని కింద, బెండ, తీగలు ఎండలో. ఎరువుకి పచ్చిపేడ వద్దు, వేడికి వేళ్ళు కాలతాయి. చెనిక్కాయ చెక్క 100 గ్రాములు లీటరు నీళ్ళలో మూడు రోజులు నానబెట్టి, పదింతల నీళ్ళు కలిపి, తడి మట్టికే పోయాల, పదిహేను రోజులకొకసారి.

కోతులకి పూర్తి పరిష్కారం అని ఎవరైనా చెప్తే నమ్మకు. కొండ కింద ఇల్లంటే అవీ మన ఇరుగుపొరుగే. నేను చూసినంతలో కాకర, మిరప జోలికి పెద్దగా రావు, టమేటా, వంగ మాత్రం పెరికి పారేస్తాయి. అందుకని తినేవన్నీ ఒక మూల చేర్చి దానికి కోళ్ళ వల కట్టుకో, మిద్దెమీద అన్నం, పండ్ల తొక్కలు బయట పెట్టొద్దు, ఒకసారి అలవాటైతే రోజూ వస్తాయి.

మీ ఆయన మాట కూడా కొట్టిపారేయలేను. టమేటా కిలో పదికి దొరికే రోజుల్లో మిద్దెమీద టమేటాకి ఇంత కష్టం ఎందుకంటే ఆయన లెక్క సరైందే, అదే 2023 జులైలో కిలో 100 దాటినప్పుడు లెక్క తిరగబడింది. ఆయనతో వాదన పెట్టుకోకుండా బజార్లో ఎప్పుడూ తాజాగా దొరకనివి పండించు, అప్పుడే కోసిన గోంగూర, లేత బెండ, కరివేపాకు, మందు లేని మిరప. ఒక పూట సంగటిలోకి ఆ గోంగూర పెట్టు, ఆయనే సాయంత్రం బకెట్ ఎత్తుకుంటాడు.

ఏదైనా అర్థం కాకపోతే సీసాలమ్మే చోట కాకుండా తెలిసినవాళ్ళని అడుగు. మన తిరుపతిలోనే వ్యవసాయ కళాశాల, ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం, నిమ్మజాతి పరిశోధన స్థానం ఉన్నాయి, దెబ్బతిన్న ఆకు, కొమ్మ కవర్లో వేసుకుని పోయి చూపించి అడగొచ్చు.

మేలో పలమనేరు పోయే ముందు అన్ని బ్యాగులూ మెట్ల గది నీడకి చేర్చి, పొట్టు ఇంకొంచెం మందంగా పరిచి, పెద్ద సీసాల మూతకి సన్న రంధ్రం చేసి నీళ్ళు నింపి తలకిందులుగా గుచ్చిపెట్టు, అవి రెండు రోజులు ఆదుకుంటాయి, అంతకు మించితే మనిషి కావాల్సిందే. పక్కింటామెకి తాళం ఇచ్చి, కోసినవన్నీ మీరే వండుకోండి అని చెప్పు, అప్పుడు గుర్తుపెట్టుకుని పోస్తారు. వంగ, మిరప ముదిరిపోయి ఉంటే పోయే ముందే అడుగు ఎత్తుకి కత్తిరించేయి, ఆకు తక్కువుంటే నీళ్ళు తక్కువ తాగుతాయి, తొలకరికి కొత్త చిగురు వస్తుంది. టమేటా నారు మళ్ళీ ఆగస్టులో పోసుకో, ఏ రకం మేలో అప్పటికి రాయి, చెప్తాను.